ఏలినవారి నుడి

హాస్టలులో చేరబోయే విద్యార్థి నింపే దరఖాస్తులో గార్డియన్ సంతకానికి ఒక చోటు, వార్డెన్ సంతకానికి మరొక చోటు కేటాయించి ఉంటాయి. కొత్త పంకా కొన్నవారి చేతికి అంగడివాడిచ్చే కాగితం మీద ఒక కంపెనీ గ్యారంటీ అనీ, ఇంకొక కంపెనీ వారంటీ అనీ అచ్చు వేయిస్తుంది. క్రికెట్ వ్యాఖ్యాతల నోట క్యాచ్ అన్న మాటా, ఛేజ్ అన్న మాటా ఎన్నిసార్లు దొర్లుతాయో లెక్కలేదు. ఈ మూడు జంటల్లో ప్రతి జంటా పుట్టుకలో ఒకే మాట అంటే వెంటనే నమ్మశక్యంగా తోచదు. అది నిజం. ఆ మాటలు రెండుగా చీలింది తెలుగునాటా కాదు, లండన్ నగరంలోనూ కాదు. దాదాపు వెయ్యేళ్ళ క్రితం ఉత్తర ఫ్రాన్సులో, ఒక మాండలికానికీ దాని పొరుగు మాండలికానికీ నడుమ అవి చీలిపోయాయి. ఆ రెండు రూపాలూ వేరువేరు కాలాల్లో ఇంగ్లీషులోకి చేరి, తరువాత ఇంగ్లీషువారి పాలన వెంట భారతదేశానికి వచ్చాయి. పరపాలన ఒక ప్రాంతపు పలుకును ఎంతవరకు మార్చగలదు, ఎక్కడ మార్చలేదు అన్న ప్రశ్నకు మధ్యయుగపు ఫ్రాన్సు చరిత్రలో దొరికినంత విచిత్రమైన సమాధానం మరొకచోట దొరకడం అరుదు.

మధ్యయుగాల్లో ఫ్రెంచి అనే భాష ఒకటి ఉండేదనుకోవడమే మొదటి భ్రమ. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో జూలియస్ సీజర్ గాల్ దేశాన్ని జయించిన తరువాత అక్కడి ప్రజలు తమ కెల్టిక్ నుడిని విడిచి లాటిన్‌కు అలవాటుపడ్డారు. ఆ మార్పు ఒకటి రెండు తరాల్లో ముగియలేదు, శతాబ్దాలు పట్టింది. వారు నేర్చుకున్నది గ్రంథాల లాటిన్ కాదు, సిపాయిలూ వర్తకులూ మాట్లాడిన వాడుక లాటిన్. ఐదవ శతాబ్దం చివర ఫ్రాంకులనే జర్మానిక్ జాతివారు ఆ దేశానికి ఏలికలయ్యారు. ఫ్రాన్సు అన్న పేరు వారి చలవే. పేరు నిలిచింది గాని వారి భాష నిలవలేదు. ఏలినవారే ఏలబడినవారి నుడిలో కలిసిపోయారు. పోతూ పోతూ వారు విడిచివెళ్ళిన మాటల్లో కాపు కాయడాన్ని తెలిపే మాటా, పూచీ పడడాన్ని తెలిపే మాటా ఉన్నాయి. పైన చెప్పిన వార్డెన్, వారంటీలకు మూలం అవే.

క్రీ.శ. 813లో తూర్ నగరంలో సమావేశమైన బిషప్పులు, ఇకమీదట ధర్మోపదేశాలు పల్లెజనానికి తెలిసే రోమన్ వాడుకభాషలోనో, జర్మానిక్ భాషలోనో చెప్పాలని నిర్ణయించారు. అంటే అప్పటికే చర్చిలో వినిపించే లాటిన్ జనానికి అర్థం కాకుండా పోయిందన్నమాట. 842లో షార్లమేన్ చక్రవర్తి మనుమలు ఇద్దరు స్ట్రాస్‌బర్గ్‌లో ఒడంబడిక చేసుకున్నారు. జర్మన్ ప్రాంతపు రాజైన లూయీ రోమన్ వాడుకభాషలోనూ, పశ్చిమ ప్రాంతపు రాజైన చార్లెస్ జర్మన్‌లోనూ ప్రమాణం చేశారు. ఎవరి ప్రమాణం ఎదుటివారి సైన్యానికి తెలియాలో ఆ సైన్యం భాషలో పలికారు. నితార్డ్ అనే చరిత్రకారుడు ఆ మాటలను ఉన్నవి ఉన్నట్లు రాసిపెట్టాడు. ఫ్రెంచి అనదగిన నుడిలో మిగిలిన అతి ప్రాచీన రచన అదే. ఆ భాష సాహిత్యంతో గాక సిపాయిల సమక్షంలో జరిగిన ఒప్పందంతో పత్రానికెక్కడం గమనించదగిన విషయం.

ఆ వాడుక నుడి దేశమంతటా ఒకే తీరుగా పెరగలేదు. ఉత్తరాన 'అవును' అనడానికి 'ఓయిల్' అనేవారు. దక్షిణాన 'ఓక్' అనేవారు. ఆ మాటలను బట్టే రెండు భాషాకుటుంబాలకూ పేర్లు వచ్చాయి. (ఇదే పద్ధతి పాటిస్తే తెలుగును 'ఔను భాష' అనవలసి వస్తుంది.) పద్నాలుగవ శతాబ్దం మొదట ఇటలీ మహాకవి డాంటే కూడా ఈ కొలతతోనే భాషలను విడదీశాడు. ఉత్తరపు ఓయిల్ భాషలో మళ్ళీ నార్మన్, పికార్డ్, వాలూన్, షాంపేన్, బర్గండీ మాండలికాలు. దక్షిణపు ఓక్ భాషలో ప్రొవాన్స్, లాంగ్‌దోక్, లిమూజాఁ, గాస్కనీ పలుకుబళ్ళు. ప్యారిస్ ప్రాంతపు పలుకు ఆనాటికి ఈ గుంపులో ఒకటి మాత్రమే. రాజు అక్కడ కాపురం పెట్టకపోయి ఉంటే దాని గతి వేరుగా ఉండేదేమో.

మొదట చెప్పిన జంటల రహస్యం ఈ ఉత్తర మాండలికాల మధ్యనే ఉంది. ఫ్రాంకుల 'వ' ధ్వని ప్యారిస్ ప్రాంతపు నాలుకలకు కొరుకుడు పడక ముందు 'గ్వ' అయింది, ఆ తరువాత 'గ' అయింది. నార్మండీలోనూ, పికార్డీలోనూ ఆ 'వ' చెక్కుచెదరలేదు. కనుక నార్మన్ల వెంట ఇంగ్లండుకు వెళ్ళిన మాట వార్డెన్. తరువాత ప్యారిస్ పలుకుబడితో చేరిన మాట గార్డియన్. అలాగే లాటిన్‌లో 'అ'కారానికి ముందున్న 'క' ప్యారిస్‌లో 'చ' అయింది, నార్మండీ ఉత్తరభాగంలో 'క'గానే నిలిచింది. పట్టుకోవడానికి వెంటాడడాన్ని తెలిపే ఒకే లాటిన్ ధాతువు నార్మన్ నోట క్యాచ్‌గా, మధ్య ఫ్రాన్సు నోట ఛేజ్‌గా తేలింది. ఈ 'క', 'చ'ల సరిహద్దును పంతొమ్మిదవ శతాబ్దంలో షార్ల్ జోరే అనే పండితుడు గుర్తించి పటం మీద గీశాడు. ఇప్పటికీ అది జోరే గీత అనే పేరుతోనే వ్యవహారంలో ఉంది.

ఈ నార్మన్లు ఎవరు? పేరులోనే ఉంది సంగతి: ఉత్తరదేశపు మనుషులు. స్కాండినేవియానుంచి ఓడల మీద వచ్చి సేన్ నది వెంబడి ఊళ్ళు దోచుకున్నవారు. 911లో ఫ్రాంకుల రాజు చార్లెస్ వారి నాయకుడైన రోల్లోకు సేన్ నదీముఖ ప్రాంతాన్ని అప్పగించి సంధి చేసుకున్నాడు. ఆయుధం వారిది, భూమి వారిది, అధికారం వారిది. భాష మాత్రం వారిది కాలేదు. రోల్లో కుమారుడైన విలియం తన కొడుకు రిచర్డుకు పూర్వుల భాష నేర్పించదలచి, రాజధానియైన రువాన్‌లో ఆ భాష తగినంతగా వినిపించకపోవడంతో సముద్రతీరానికి దగ్గరగా ఉన్న బాయూ పట్టణానికి పంపించాడని దూదో అనే మతగురువు రాశాడు. దూదో వ్రాతల్లో కల్పన పాలు ఎక్కువేనని చరిత్రకారులు అంటారు గాని, ఈ ఒక్క సంగతి నమ్మదగినదిగానే కనిపిస్తుంది. జయించి స్థిరపడి ముప్ఫై ఏళ్ళు దాటాయో లేదో, ఏలిక కొడుకు తాతగారి భాష నేర్చుకోవడానికి పొరుగూరు వెళ్ళవలసి వచ్చింది! కారణం వెదకడానికి దూరం పోనక్కరలేదు. ఓడల మీద వచ్చినవారిలో అత్యధికులు మగవారు. పెళ్ళాడినది స్థానిక స్త్రీలను. ఉయ్యాలలోని బిడ్డకు వినిపించిన నుడి తల్లిది, దాదిది. ఈనాడు నార్మండీలో ఆ పాతభాష మిగిలినది ఊళ్ళ పేర్లలో, సముద్రానికి సంబంధించిన కొన్ని మాటల్లో మాత్రమే. ఈవ్‌తో పేరు చివర ఉన్న 'తో' ఇంటినివేశం. కోద్‌బెక్ పేరులోని 'బెక్' వాగు. ఫ్రెంచివారు కెరటానికి వాడే మాట కూడా ఆ ఓడలవారి సొత్తే.

అదే నార్మన్లు 1066లో హేస్టింగ్స్ యుద్ధం గెలిచి ఇంగ్లండును వశం చేసుకున్నారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి రాజు చేయించిన భూముల సర్వేలో పెద్ద భూస్వాముల జాబితాలో ఇంగ్లీషు పేర్లు వేళ్ళ మీద లెక్కించదగినన్ని మిగిలాయి. కోటలో, న్యాయస్థానంలో, మఠంలో నార్మన్ ఫ్రెంచి. పొలంలో, సంతలో ఇంగ్లీషు. ఇక్కడ ఒక వింత జరిగింది. ఫ్రెంచి సాహిత్యపు తొలి వెలుగులు అనేకం ఫ్రాన్సులో కాక ఇంగ్లండులోనే వెలిగాయి. రోలాండు వీరగాథకు దొరికిన అతి ప్రాచీనమైన వ్రాతప్రతి ఇంగ్లండులో ఆ నార్మన్ పలుకుబడిలో రాసినదే. ఇప్పుడది ఆక్స్‌ఫర్డులో భద్రంగా ఉంది. జంతువుల గుణాలను వర్ణించే కావ్యాన్ని ఫ్రెంచిలో మొదట కూర్చిన ఫిలిప్ ద తాఁ కూడా ఇంగ్లండు రాజాస్థానానికి చేరువైనవాడే.

అయినా ప్యారిస్ వారికి ఆ పలుకు నవ్వులాటే. వాల్టర్ మ్యాప్ అనే పన్నెండవ శతాబ్దపు రచయిత, మార్ల్‌బరో పట్టణంలోని ఒక ఊట నీరు తాగినవారి ఫ్రెంచి చెడిపోతుందని ఎగతాళిగా రాశాడు. మతాచార్యుడు టామస్ బెకెట్ చరిత్రను పద్యంలో చెప్పిన గెర్న్ అనే కవి, తాను ఫ్రాన్సులోనే పుట్టినవాణ్ణి కనుక తన భాష మంచిదని గర్వంగా చెప్పుకున్నాడు. ఈ ఎగతాళి పరదేశపు ఫ్రెంచి ఒక్కదానికే పరిమితం కాలేదు. ఆర్త్వా ప్రాంతపు ప్రభువు, కవి అయిన కోనోన్ ద బెత్యూన్ 1180 ప్రాంతంలో రాజసభలో తన పాట వినిపించగా, రాజమాతా, యువకుడైన రాజూ అతని యాస విని నవ్వారట. తాను ప్యారిస్ దగ్గరి పాంత్వాజ్‌లో పెరగకపోవడం తన నేరమా అని అతడు మరొక పాటలో నొచ్చుకున్నాడు. యాసను చూసి నవ్వే సభ్యత రాజధానులకు పుట్టుకతో వచ్చిన గుణం కాబోలు. కోనోన్ అన్నమాట తప్పు కాదు, అతడి ఊరు తప్పు.

ఇంగ్లండులోని నార్మన్ ప్రభువుల ఇళ్ళలోనూ నార్మండీ కథే మళ్ళీ నడిచింది, కొంచెం ఆలస్యంగా. 1204లో జాన్ రాజు నార్మండీని ఫ్రాన్సు రాజుకు పోగొట్టుకున్నాడు. కాలువకు రెండు వైపులా భూములున్న ప్రభువులు ఏదో ఒక ఒడ్డు ఎంచుకోవలసి వచ్చింది. పదమూడవ శతాబ్దం మధ్యలో వాల్టర్ ఆఫ్ బిబ్స్‌వర్త్ అనే పెద్దమనిషి ఒక ప్రభుస్త్రీ కోరగా ఆమె బిడ్డలకు ఫ్రెంచి నేర్పడానికి పద్యాలలో ఒక పాఠపుస్తకం రాశాడు. పంక్తుల మధ్య ఇంగ్లీషు అర్థాలు ఇచ్చాడు. ఆ అర్థాలు చాలు రహస్యం బయటపెట్టడానికి: ప్రభువుల పిల్లలకు అప్పటికే ఇంగ్లీషు తల్లినుడి, ఫ్రెంచి చదువుకోవలసిన భాష.

ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులోకి వరదలా వచ్చినది ఎప్పుడు? గెలుపు వేడిలో నార్మన్లు సర్వాధికారులుగా ఉన్న తొలి శతాబ్దంలో అనే ఎవరైనా అనుకుంటారు. కాదు. ఆ కాలంలో చేరినవి స్వల్పం. అసలు వెల్లువ 1250 తరువాత, ఏలినవారు తమ భాషను మరచిపోతున్న నూటయాభై ఏళ్ళలో వచ్చింది. మధ్యయుగాలు ముగిసేసరికి చేరిన ఫ్రెంచి మాటలు సుమారు పదివేలని పండితుల అంచనా. ఫ్రెంచి మాట్లాడే ప్రభువు ఫ్రెంచిలోనే మాట్లాడుకుంటాడు. అతని మాటలతో పాలేరుకు పనిలేదు. ఆ ప్రభువు మనుమడు ఇంగ్లీషుకు మారినప్పుడు, ఇంగ్లీషులో తనకు దొరకని న్యాయశాస్త్రపు మాటలూ, వంటకాల పేర్లూ, దుస్తుల పేర్లూ, మర్యాదలూ వెంట తెచ్చుకుంటాడు. పరభాష తన గద్దె దిగుతున్నప్పుడే దాని బరువంతా దేశభాష మీద పడింది. ఈ ఒక్క విషయం తెలిస్తే పాలనకూ పలుకుకూ ఉన్న సంబంధం గురించిన సగం అపోహలు తొలగిపోతాయి.

పశువు పేరు ఇంగ్లీషు, దాని మాంసం పేరు ఫ్రెంచి అన్న ప్రసిద్ధమైన ఉదాహరణ ఇక్కడ గుర్తుకు రావచ్చు. కాపరి ఇంగ్లీషువాడు, తిన్నవాడు నార్మన్ అని దాని తాత్పర్యం. 1819లో వెలువడిన వాల్టర్ స్కాట్ నవల 'ఐవన్‌హో' దానికి లోకప్రచారం తెచ్చింది. వినడానికి ఇంపుగా ఉన్నా అది సగం నిజమే. ఆ ఫ్రెంచి మాటలను ఇంగ్లండులో చాలాకాలం ప్రాణంతో ఉన్న పశువుకు కూడా వాడారు. పశువుకు ఒక మాట, పళ్ళేనికి ఒక మాట అన్న పంపకం తరువాతి శతాబ్దాలలో స్థిరపడినది.

న్యాయస్థానం కథ వేరు. పాలకుల ఇళ్ళలో మరణించిన భాష అక్కడ చిరకాలం బ్రతికింది. వ్యాజ్యాలు ఇంగ్లీషులో జరగాలని 1362లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టాన్ని రాసినది మాత్రం ఫ్రెంచిలో! న్యాయవాదులు ఆ చట్టాన్ని మన్నించి, వ్రాతకోతల్లో మాత్రం తమ ఫ్రెంచిని విడువలేదు. చివరికి అది ఫ్రాన్సువారికి తెలియని ఫ్రెంచి, ఇంగ్లండువారికి తెలియని ఇంగ్లీషు అయి కూర్చుంది. 1731లో చేసిన చట్టం 1733లో అమలులోకి వచ్చినప్పుడుగాని దాని వాడుక పోలేదు. పోయేనాటికి ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కోర్టులు నడుపుతూనే ఉంది. తెలుగువారి నోట నలిగిన కోర్టు, జడ్జీ, ప్లీడరు, అప్పీలు, వారంటు అన్నీ ఆ న్యాయస్థానపు ఫ్రెంచి సంతానమే. వాటి పక్కనే వకీలు, దస్తావేజు, జామీను, జప్తు అన్న పారసీ, అరబ్బీ మాటలు మరొక పాలన విడిచివెళ్ళిన పొరగా ఉన్నాయి. జిల్లా కోర్టు ఆవరణలో చెట్టుకింద కూర్చున్న కక్షిదారు ఒక్క వాక్యంలో రెండు సామ్రాజ్యాలను పలుకుతాడు, పలుకుతున్నది తెలుగే.

ఇంగ్లండులో ఫ్రెంచివారి పాలన ఇంత ముద్ర వేస్తే, ఫ్రాన్సులో ఇంగ్లండు రాజుల పాలన ఏం చేసింది? 1152లో అక్విటేన్ రాణి ఎలియనోర్ పెళ్ళాడిన హెన్రీ, రెండేళ్ళకు ఇంగ్లండు రాజయ్యాడు. ఆమె తెచ్చిన నైరుతి ఫ్రాన్సులో బోర్డో నగరమూ, గాస్కనీ ప్రాంతమూ 1453 వరకు, అంటే మూడు వందల ఏళ్ళు, ఇంగ్లండు కిరీటం కింద ఉన్నాయి. ఏటేటా బోర్డో ద్రాక్షసారాయి ఓడలకొద్దీ ఇంగ్లండుకు తరలివెళ్ళేది. మూడు శతాబ్దాల పాలన తరువాత గాస్కనీ పలుకులో ఇంగ్లీషు జాడ వెదికితే దాదాపు శూన్యం. ఆ రాజులలో తొలివారు స్వయంగా ఫ్రెంచివారే; తరువాతివారు వచ్చినా వలస రాలేదు, అధికారులను పంపారు. పత్రాలు లాటిన్‌లోనో, ఫ్రెంచిలోనో, గాస్కన్‌లోనో నడిచాయి. రైతుకు గాని, నోటరీకి గాని ఇంగ్లీషు అవసరం కలగలేదు. పైగా గాస్కన్ స్వతంత్రం గల నుడి. లాటిన్ 'ఫ' దానిలో 'హ' అవుతుంది. బాస్క్ భాషకు దగ్గరైన పాతనుడి దాని అడుగున ఉండడమే దానికి కారణమని అనేకుల అభిప్రాయం. పద్నాలుగవ శతాబ్దంలో తులూజ్ పండితులు కూర్చిన వ్యాకరణం, పొరుగునే ఉన్న గాస్కన్‌ను పరభాషల జాబితాలో చేర్చింది.

1453లో కాస్తియోఁ యుద్ధంతో ఇంగ్లండు పాలన ముగిసింది. 1462లో ఫ్రాన్సు రాజు బోర్డోలో పైకోర్టు స్థాపించాడు. మూడు వందల ఏళ్ళు పరరాజు కింద నిశ్చింతగా బ్రతికిన గాస్కన్, స్వదేశపు రాజు కోర్టు తెరిచిన రెండు మూడు తరాలలో కాగితం మీదనుంచి తప్పుకొంది. ఆ కోర్టులో పని కావాలంటే ప్యారిస్ భాష రావాలి. కొడుకును నోటరీ చేయదలచిన తండ్రికి ఇక వేరే ఆజ్ఞ ఎందుకు?

దక్షిణమంతటా ఇదే వరుస. ఓక్ భాషలో పన్నెండవ శతాబ్దపు త్రూబదూర్ కవులు పాడిన ప్రేమగీతాలు యూరపు కవిత్వానికే దారి చూపాయి. 1209లో ఉత్తరంనుంచి మతయుద్ధం పేరిట సైన్యాలు దిగి, బెజియే పట్టణంలో జనాన్ని ఊచకోత కోశాయి. 1229 సంధితో, ఆపై 1271లో తులూజ్ ప్రభువుల వంశం అంతరించడంతో దక్షిణం ఫ్రాన్సు రాజు వశమైంది. ఆ కత్తే ఓక్ భాషను చంపిందని చెప్పడం పరిపాటి. ఆశ్రయమిచ్చిన సభలు కూలి కవులు చెదిరిపోయిన మాట నిజమే. కాని ఆ తరువాత రెండు వందల ఏళ్ళకు పైగా ఊరి లెక్కలూ, భూమి పత్రాలూ ఓక్ భాషలోనే సాగాయి. కత్తికి సాధ్యం కానిది కలానికి సాధ్యమైంది. 1539లో ఫ్రాన్స్వా రాజు విల్లేర్-కోత్రే కోటలో జారీ చేసిన శాసనం, న్యాయస్థానపు పత్రాలన్నీ ఫ్రెంచి మాతృభాషలో ఉండాలని విధించింది. అది గురిపెట్టినది ముఖ్యంగా లాటిన్ మీద. దెబ్బ తగిలినది లాటిన్‌తోపాటు ప్రాంతాల నుడులన్నిటికీ. 'మాతృభాష' అన్న పదమే చిత్రమైనది. అది ఆ దేశంలో అత్యధికుల తల్లులకు రాని భాష. విప్లవకాలంలో 1794లో గ్రెగ్వార్ అనే మతగురువు సమర్పించిన నివేదిక ప్రకారం ఫ్రెంచిని శుద్ధంగా మాట్లాడగలవారు ముప్ఫై లక్షలకు మించరు. ఆ భాష బొత్తిగా తెలియనివారు కనీసం అరవై లక్షలు. పల్లెల్లో ఆ పాతనుడులను నిజంగా కదిలించినది 1880ల తరువాతి నిర్బంధ పాఠశాల. బడిలో ఇంటిమాట పలికిన పిల్లవాణ్ణి శిక్షించడం ఆ రోజుల్లో సామాన్యం.

నార్మన్ నుడి మాటేమిటి? ఫ్రాన్సులో అది పల్లెటూరి మొరటుమాటగా చిక్కిపోయింది. అది పరువుతో ఎక్కువకాలం నిలిచినది ఇంగ్లండు కిరీటం కిందనే. 1204లో నార్మండీ పోయినా, దాని తీరాన ఉన్న జెర్సీ, గెర్న్‌సీ ద్వీపాలు ఇంగ్లండు రాజుకు దక్కాయి. జెర్సీవారు ఏడు వందల ఏళ్ళు ఇంగ్లండు రాజుకు విధేయులుగా ఉంటూ ఇంట్లో నార్మనే మాట్లాడుకున్నారు. ఆ పలుకును జెర్రియే అంటారు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండునుంచి వలసలూ, వ్యాపారమూ, బడీ వచ్చిన తరువాతనే అది వెనుకబడింది. రెండవ ప్రపంచయుద్ధంలో 1940నుంచి 1945వరకు జర్మన్ సైన్యం ద్వీపాన్ని ఆక్రమించినప్పుడు దానికి కొత్త ప్రాణం వచ్చింది: సైనికులకు తెలియకుండా మాట్లాడుకోవడానికి అది అక్కరకు వచ్చింది. యుద్ధం ముగిశాక ఆ అక్కరా తీరింది. 2019లో జెర్సీ శాసనసభ దానికి అధికారభాష హోదా ఇచ్చింది. అప్పటికి దానిని తల్లి ఒడిలో నేర్చినవారిలో అత్యధికులు ముసలివారు.